మహారాజశ్రీ పెద్ద క్లబ్బు బెంచీ గారికి

మహారాజశ్రీ సబ్‌స్టిట్యూట్ల బెంచీ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి అడగనక్కర్లేదు, ప్రతి శనివారం రాత్రి టీవీలో చూస్తూనే ఉన్నాం. (ఈ ఉత్తరం ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో టచ్‌లైన్ పక్కన, ఆట మధ్యలో ఇంకొకరి బదులు దిగే సబ్‌స్టిట్యూట్ల కోసం కొలువుదీరిన బెంచీ గారికి. మా హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉండే తమరి దాయాదికి కాదు. ఆయన సంగతి ఇంకోసారి చూద్దాం.)

ముందుగా తమరి వైభోగం గురించి రెండు మాటలు. పేరుకు బెంచీయే గానీ చెక్క మచ్చుకైనా కనిపించదు. ఖరీదైన కార్లలో ఉండేలాంటి మెత్తటి సీట్లు, చలికాలంలో కూర్చున్నచోట వెచ్చదనం, పైన కప్పు. మైదానంలో పరుగెత్తేవాడికి మాంచెస్టర్ వాన, తమరి దగ్గర కూర్చున్నవాడికి కోటు. ఇంత సుఖం అమర్చినా అక్కడ ఒక్క కుర్రాడి ముఖంలోనూ నవ్వు కనిపించదు. కృతఘ్నులు!

తమరు పుట్టింది మాత్రం చాలా మంచి పని కోసం. 1965 ఆగస్టు 21న బోల్టన్‌లో చార్ల్‌టన్ ఆటగాడు కీత్ పీకాక్ ఇంగ్లిష్ లీగ్ చరిత్రలో మొదటి సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అప్పట్లో జట్టుకు ఒక్కడే, అదీ ఎవరికైనా దెబ్బ తగిలితేనే. ఇప్పుడు ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగైన ప్రీమియర్ లీగ్‌లో తమరి ఒళ్లో తొమ్మిది మంది కూర్చుంటారు. దిగడానికి వీలున్నది ఐదుగురికి. అంటే నలుగురు ఆడరన్న సంగతి టాస్ వేయకముందే ఖాయం. అయినా ఆ నలుగురూ లేచి, జెర్సీ మీద బిబ్ (చేతుల్లేని పల్చటి పైచొక్కా) వేసుకుని, గోల్‌పోస్టు వెనక అటూ ఇటూ పరుగులు తీసి, ఒళ్లు వేడెక్కించుకుని, మళ్లీ వచ్చి తమరి దగ్గరే చల్లారతారు. కొందరి కెరీర్‌లో సగం వార్మప్పే.

మిగతా ఐదుగురిలో కుర్రాడెవడైనా ఉంటే వాడికి 87వ నిమిషం రాసిపెట్టి ఉంటుంది. జట్టు 3-0తో గెలుస్తుంటే గెలుపు ఖాయమైంది కాబట్టి దింపుతారు. 0-2తో ఓడుతుంటే ఇక చేసేదేం లేదు కాబట్టి దింపుతారు. 1-1 ఉంటే దింపరు, అనుభవం లేదు కదా! ఆ మూడు నిమిషాల్లో బంతి రెండుసార్లు కాలికి తగులుతుంది. మర్నాడు విశ్లేషకుడు గారు "అవకాశం ఇచ్చినా నిరూపించుకోలేకపోయాడు" అని తేల్చేస్తారు.

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. బాగా ఆడితే గానీ ఆడించరు, ఆడిస్తే గానీ బాగా ఆడలేడు. ఇంత పకడ్బందీ రాజ్యాంగాన్ని తమరు ఒక్కరే రాశారా, లాయర్లెవరైనా సాయం చేశారా?

బెల్జియం ఆటగాడు కెవిన్ డి బ్రూయ్నే కథ తమరికి నేను చెప్పాలా? తమరి రికార్డుల్లోనే ఉంది. అయినా నా సరదా కొద్దీ చెబుతాను. 2012 జనవరిలో లండన్ క్లబ్బు చెల్సీ అతన్ని బెల్జియం క్లబ్బు గెంక్ నుంచి సుమారు 70 లక్షల పౌండ్లకు కొన్నది. తర్వాతి సీజన్‌కు జర్మనీలో వెర్డర్ బ్రెమెన్‌కు అద్దెకు పంపితే, అక్కడ లీగ్‌లో 10 గోల్స్ కొట్టి వచ్చాడు. 2013లో మొరీన్యో రెండోసారి చెల్సీ కోచ్‌గా వచ్చాడు. సీజన్ తొలి మ్యాచ్‌లో హల్ సిటీ మీద డి బ్రూయ్నే ఆడాడు, ఒక గోల్‌కు పాస్ కూడా ఇచ్చాడు. ఇక అక్కడి నుంచి తమరి సేవలోనే.

డిసెంబరులో కోచ్ గారు ఆఫీసుకు పిలిచారట. ఆ ముచ్చట డి బ్రూయ్నే 2019లో స్వయంగా రాసుకున్నాడు. బల్ల మీద కాగితాలు. ఒక అసిస్ట్ (గోల్‌కు అందించిన పాస్), గోల్స్ సున్నా అని చదివారు. తర్వాత జట్టులో అతని పోటీదార్లు విలియన్, ఆస్కార్, మాటా, షూర్లెల అంకెలు చదివారు. వాళ్లకు గోల్స్ ఉన్నాయి, అసిస్టులున్నాయి. ఈ కుర్రాడు నోరు తెరిచి, వాళ్లలో కొందరు పదిహేను, ఇరవై మ్యాచులు ఆడారు, నేను ఆడింది మూడే కదా, తేడా ఉండదా అన్నాడట. ఎంత పెడసరం! సున్నాను మూడుతో భాగించినా సున్నాయే, ఇరవైతో భాగించినా సున్నాయే అని అతని లెక్కల మాస్టారు చెప్పలేదు కాబోలు.

అసలు రుచి ఆ తర్వాత ఉంది. మాటా కూడా అప్పుడు తమరి దగ్గరికే తరచూ వచ్చిపోతున్నాడు. 2012లో, 2013లో వరసగా రెండేళ్లు చెల్సీ మేటి ఆటగాడిగా ఎన్నికైన మాటా! అతను గనక క్లబ్బు వదిలి వెళ్లిపోతే నా ఎంపిక వరసలో నువ్వు ఆరో వాడివి కాదు, ఐదో వాడివి అవుతావు అని కోచ్ గారు ధైర్యం చెప్పారట. జీతం పెరగని ప్రమోషన్ మా దగ్గరా ఉంది గానీ, పని కూడా లేని ప్రమోషన్ కనిపెట్టిన ఘనత మాత్రం తమరిదే.

కోచ్ వైపు మాట కూడా ఉంది, దాచను. తాను ఉంచుకుందామనే అనుకున్నానని, కుర్రాడే వెళ్లిపోతానన్నాడని మొరీన్యో తర్వాత చెప్పాడు. కావచ్చు. ఆరో వాడిగా ఉండనన్నవాణ్ని ఎవరు మాత్రం బలవంతంగా ఆపగలరు! 2014 జనవరిలో వోల్ఫ్స్‌బర్గ్‌కు సుమారు 1.8 కోట్ల పౌండ్లకు అమ్మేశారు. మూడు లీగ్ మ్యాచులు ఆడించి రెట్టింపుకు మించిన ధర. ఏడాదిన్నర తిరిగేసరికి అతను జర్మనీలో మేటి ఫుట్‌బాలర్, ఆ తర్వాత మాంచెస్టర్ సిటీ 5.5 కోట్ల పౌండ్ల దాకా పోసి తెచ్చుకుంది. సిటీలో పదేళ్లు, ఆరు లీగ్ టైటిళ్లు. 2019-20లో ఒకే సీజన్‌లో 20 అసిస్టులతో ప్రీమియర్ లీగ్ రికార్డును సమం చేశాడు.

అదే 2014 జనవరిలో డి బ్రూయ్నే సీటు చల్లారకముందే బాసెల్ నుంచి వచ్చి తమరి దగ్గర కూర్చున్న ఈజిప్టు కుర్రాడు గుర్తున్నాడా? మహమ్మద్ సలా. చెల్సీకి లీగ్‌లో 13 మ్యాచులు, 2 గోల్స్. తర్వాత లివర్‌పూల్‌లో మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్. తమరి చేతి చలవ.

ఇక్కడే తమరి న్యాయబుద్ధిని మెచ్చుకోవాలి. చెల్సీ బెంచీ మీది కుర్రాడు వెళ్లి సిటీని నిలబెట్టాడు కదా, బాకీ ఉంచుకోవడం తమరి వంశంలో లేదు. 2023లో సిటీ బెంచీ మీంచి కోల్ పామర్ చెల్సీకి వెళ్లాడు. మా ఊళ్లలో కుండమార్పిడి పెళ్లిళ్లని ఉండేవి, మా పిల్లను మీకిస్తాం, మీ పిల్లను మాకివ్వండి అని. అచ్చంగా అలాగే జరిపించారు, కట్నకానుకలతో సహా.

పామర్ ఎనిమిదేళ్ల వయసు నుంచి సిటీ అకాడమీలో పెరిగాడు. సీనియర్ జట్టుకు మొత్తం 41 మ్యాచుల్లో కనిపించాడు. ఎక్కువ భాగం మ్యాచ్ చివర్లో. 2023 ఆగస్టులో సీజన్ ఆరంభ మ్యాచ్ కమ్యూనిటీ షీల్డ్‌లో ఆర్సెనల్ మీద తమరి ఒళ్లోంచి లేచి వెళ్లి గోల్ కొట్టాడు. పది రోజులకు యూరప్ సూపర్ కప్‌లో సెవియా మీద స్కోరు సమం చేసిన గోల్ కూడా అతనిదే. పైగా అప్పటికి అదే స్థానంలో ఆడే మహ్రెజ్ క్లబ్బు వదిలేశాడు, డి బ్రూయ్నే తొలి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. రెండు కుర్చీలు ఖాళీ! అయినా సెప్టెంబరు 1న పామర్ లండన్‌లో ఉన్నాడు. కోచ్ గ్వార్డియోలా ఏం చెప్పాడంటే, రెండు సీజన్లుగా వెళ్తానంటూనే ఉన్నాడు, ఉండమన్నాను, వినలేదు అని. అతనికి దక్కాల్సినన్ని నిమిషాలు ఇవ్వలేదేమో అని కూడా ఒప్పుకున్నాడు. ఆ మాత్రం మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవమే.

తర్వాతిది అందరికీ తెలుసు. మొదటి సీజన్‌లో లీగ్‌లో 22 గోల్స్, 11 అసిస్టులు. అందులో తొమ్మిది పెనాల్టీలు కదా అని తమరి వకీళ్లు లేస్తారు. సరే, మిగతా పదమూడు? 2024 సెప్టెంబరులో బ్రైటన్ మీద ఒక్క సగంలోనే నాలుగు గోల్స్ కొట్టాడు, ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఎవరూ కొట్టలేదు. ఇంగ్లండ్ జట్టులో మాత్రం తమరు వదల్లేదు. యూరో 2024 ఫైనల్లో 70వ నిమిషం దాకా కూర్చోబెట్టారు. దిగిన మూడు నిమిషాలకే గోల్ కొట్టాడు. ఇంగ్లండ్ చివరికి ఓడిందనుకోండి, అది వేరే ఏడుపు.

ఇదంతా చదివి తమరు సిటీ అకాడమీలోనే పెరిగిన ఫిల్ ఫోడెన్ ఫోటో తీసి చూపిస్తారని తెలుసు. చూపించండి. 2017లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో 66 వేల మందికి పైగా చూస్తుండగా ఫైనల్లో ఇంగ్లండ్ 0-2 నుంచి లేచి స్పెయిన్‌ను 5-2తో ఓడించింది. ఫోడెన్ రెండు గోల్స్, టోర్నీ మేటి ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్. ఆ పిల్లాడు తిరిగి వెళ్లి సిటీలో సీనియర్ ఆటగాడు డేవిడ్ సిల్వా వెనక ఓపిగ్గా కూర్చున్నాడు. సిల్వా 2020లో వెళ్లాక ఆటలో కుదురుకున్నాడు. 2023-24లో ప్రీమియర్ లీగ్ మేటి ఆటగాడయ్యాడు. నిజమే, ఓపిక ఫలించింది. కానీ అదే ప్రపంచకప్‌లో గ్రూప్ మ్యాచులు ఆడిన జేడన్ సాంచో, కూర్చోవడం నా వల్ల కాదని అప్పటికే సిటీ వదిలి జర్మనీ క్లబ్బు డోర్ట్‌మండ్ చేరాడు. ఇంగ్లండ్ జట్టులోకి ఫోడెన్ కంటే రెండేళ్ల ముందే వచ్చాడు. ఒక్క ఫోడెన్ ఫోటోను ఫ్రేము కట్టి, వచ్చిన ప్రతి కుర్రాడికీ చూపించి కూర్చోబెడుతున్నారు. ఓపిక పాఠం వాడికొక్కడికే. రెండు మ్యాచులు ఓడితే కోచ్‌ను పీకేసే యజమానులకు ఆ పాఠం ఎందుకు చెప్పరు?

తమరి బ్రాంచ్ ఆఫీసుల గురించి కూడా చెప్పుకోవాలి. అద్దె పద్ధతి, అదే లోన్. ఒకప్పుడు చెల్సీ వాళ్లు ఒకే సీజన్‌లో 40 మంది దాకా ఆటగాళ్లను ఊళ్ల మీదకు పంపారు. బ్రెజిల్ కుర్రాడు లూకాస్ పియాజోన్ పదేళ్ల దగ్గర చెల్సీ ఉద్యోగిగా ఉన్నాడు. మాలగా, వితెస్సె, ఫ్రాంక్‌ఫర్ట్, రీడింగ్, ఫుల్‌హామ్, కియేవో, రియో ఆవె, ఇన్ని జట్లకు ఆడాడు. చెల్సీకి ఆడింది మూడు మ్యాచులు. అతని పాస్‌పోర్టుకు ఉన్నంత ఆట అనుభవం అతని చెల్సీ జెర్సీకి లేదు. చివరికి ఫిఫాకే విసుగొచ్చి, 2022 నుంచి ఇలాంటి విదేశీ అద్దెలకు పరిమితి పెట్టింది. అందులోనూ కుర్రాళ్లకు, సొంత అకాడమీ వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఎవరి కోసమైతే రూలు పెట్టాలో వాళ్లనే వదిలేశారు, తమరి పలుకుబడి అలాంటిది.

అకాడమీ పిల్లల మీద తమరికి ఎందుకంత ప్రేమో తెలియాలంటే ఆట చూడకూడదు, పద్దు పుస్తకం చూడాలి. కొనుక్కొచ్చిన ఆటగాణ్ని అమ్మితే, అతన్ని కొన్న ధరలో ఇంకా మిగిలిన భాగం తీసేసి లాభం లెక్కేస్తారు. సొంతంగా పెంచిన పిల్లాణ్ని అమ్మితే తీసేయడానికేమీ ఉండదు, వచ్చిన ప్రతి పౌండూ లాభమే. పామర్ 4 కోట్ల పౌండ్లు సిటీ పుస్తకాల్లో అలా తళతళలాడుతూ పడ్డాయి. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆ చొక్కా మీద ప్రేమ పెంచుకున్నవాడే అమ్మడానికి అన్నిటికంటే అనువైన సరుకు! కొన్నవాణ్ని ఆడించకపోతే ధర పడిపోతుందని భయం. ఇంట్లో పెరిగినవాడికి ఆ భయం లేదు కాబట్టి నిశ్చింతగా కూర్చోబెట్టొచ్చు.

తమరితో కలకాలం కాపురం చేసిన ఒకే ఒక్క మనిషి స్కాట్ కార్సన్. ఆ గోల్‌కీపర్ సిటీలో ఆరు సీజన్లుండి ఆడింది రెండు మ్యాచులు. 2005లో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ బెంచీ మీద కూర్చుని యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ గెలిచాడు, 2023లో మళ్లీ ఇస్తాంబుల్‌లోనే సిటీ బెంచీ మీద కూర్చుని గెలిచాడు. రెండుసార్లూ గ్లోవ్స్‌కు మట్టి అంటలేదు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి, ఇందులో వెటకారం లేదు.

ఇక నా విన్నపం. కుర్రాడు సంతకం పెట్టే రోజున స్కార్ఫ్ పైకెత్తి ఫోటో దిగుతాడు, పక్కన పెద్దమనిషి "ప్రాజెక్టు" గురించి మాట్లాడతాడు. ఆ ఫోటోకు ముందే ఎవరో ఒకరు అబ్బాయిని పక్కకు పిలిచి, నువ్వు ఆరో వాడివి నాయనా అని చెప్పండి. వింటాడు, వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడుకుంటాడు, వస్తే వస్తాడు, లేకపోతే ప్రతి శనివారం ఆడించే చిన్న క్లబ్బు చూసుకుంటాడు. డిసెంబరు దాకా ఆగి కాగితాలు చదివి వినిపించడం దేనికి?

ఇట్లు,
తమరి మీద కూర్చున్నవాళ్ల కోసం రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకునే
ఒక ప్రేక్షకుడు

తా.క.: రాయడం మరిచాను. 2025 సెప్టెంబరులో డి బ్రూయ్నే ఇటలీ క్లబ్బు నాపోలీ జెర్సీలో మాంచెస్టర్ వచ్చాడు. పదేళ్లు ఆడిన మైదానం, జనమంతా లేచి చప్పట్లు. 21వ నిమిషంలో నాపోలీ కెప్టెన్ డి లొరెంజోకు రెడ్ కార్డు పడింది. డిఫెండర్‌ను దింపాలంటే ఎవరో ఒకరు బయటికి రావాలి. కోచ్ కాంటే చుట్టూ చూసి 26వ నిమిషంలో డి బ్రూయ్నేనే పిలిచి తమరి దగ్గర కూర్చోబెట్టాడు. చెల్సీనాటి పాత బాకీ వడ్డీతో సహా ముట్టింది కదా, ఇక మీ ఖాతాలోంచి ఆ పేరు కొట్టేయండి.