బైండు కట్టిన వాతావరణం

గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి ఎక్కడ దాచాలో తెలియక ప్రపంచ దేశాలు తలలు పట్టుకున్నాయి. సముద్రం అడుగున దాద్దామని కొందరు, ఎండిపోయిన చమురుబావుల్లోకి దింపుదామని కొందరు. అంతదూరం పోనక్కర్లేదు, తిరుపతిలో ఆ ఏర్పాటు ఎన్నాళ్లుగానో నడుస్తోందని సవినయంగా మనవి చేస్తున్నాను. విశ్వవిద్యాలయ గ్రంథాలయం రెండో అంతస్తులో, తాళం వేసిన బీరువాలో. (ఏ విశ్వవిద్యాలయం అని అడక్కండి. ఈ ఊళ్లో వాటికి కొదవలేదు.)

లెక్క చూడండి. ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములు. 300 కాగితాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కిలోన్నర. కాగితమంటే చాలావరకు సెల్యులోజే, అందులో 44 శాతం కార్బన్. అయిదు కాపీలు బైండు చేయిస్తే 3.3 కిలోల కార్బన్, అంటే గాలిలోంచి లాగిన సుమారు 12 కిలోల బొగ్గుపులుసు వాయువు అట్టల మధ్య బందీ అయినట్టే. ఒకవైపే ముద్రించాలి, వరుసకూ వరుసకూ రెండింతల ఎడం వదలాలి అనే నిబంధన పెట్టిన మహానుభావుల ముందుచూపు నాకు ఇప్పుడు అర్థమవుతోంది. రెండువైపులా కొట్టించి ఉంటే నిల్వ సగానికి పడిపోయేది.

ఈ నిల్వకు పాఠకుల వల్ల ప్రమాదం లేదు. ఉన్నదల్లా చెదలతోనే. అవి సెల్యులోజును తిని మీథేన్ వదులుతాయి. అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు వేడెక్కించే సరుకు. ఇది కాక, సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో సాఫ్ట్ కాపీ పెడితే చాలు కదా అనే వాదన ఒకటి బయల్దేరింది. మనకు గంగలకేం తక్కువ? తాతయ్యగుంట గంగమ్మ ఉంది, తెలుగుగంగ ఉంది, ఇప్పుడు ఇదొకటి. మా వీధికి నీళ్లు మాత్రం ట్యాంకరులో వస్తాయి.

ఇదంతా నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల. వాడి పీహెచ్‌డీ అంశం 'చిత్తూరు జిల్లా వేరుశనగ రైతుల్లో వాతావరణ మార్పుపై అవగాహన: ఒక పరిశీలన'. 'ఒక పరిశీలన' అన్న మాట లేకపోతే రిజిస్ట్రేషన్ కాదేమోనని నా అనుమానం.

ప్రశ్నావళి పట్టుకుని వాడు పాకాల వైపు పోతుంటే నేనూ వెంట వెళ్లాను. చింతచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వీడు అడిగాడు: "వాతావరణ మార్పు మీ సాగుపై ప్రభావం చూపుతోందన్న వాక్యంతో మీరు పూర్తిగా అంగీకరిస్తారా, ఒక మోస్తరుగా అంగీకరిస్తారా, తటస్థమా?"

పెద్దాయన లేచి చేన్లోకి పోయి ఒక మొక్కను పెరికి తెచ్చాడు. మన్ను దులిపి, కాయ ఒకటి బొటనవేలితో చిట్లించాడు. లోపలి గింజకు తెల్లగా మొలక.

"ఊడలు దిగేటప్పుడు చుక్క లేదు నాయనా. పెరికేటప్పుడు తెరిపి లేదు. చెనక్కాయ భూమిలోనే మొలకెత్తేసింది. దీన్ని మిల్లోడు కొంటాడా?"

మేనల్లుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అయిదు గడులున్నాయి, మొలకకు గడి లేదు. చివరికి 'ఒక మోస్తరుగా అంగీకరిస్తున్నాను' దగ్గర టిక్కు పెట్టాడు. మొక్కను తీసుకోలేదు. దాన్ని అనుబంధంలో కుట్టడానికి వీల్లేదట.

తిరిగి వచ్చేటప్పుడు గాదంకి మీదుగా వచ్చాం. అక్కడ ఆకాశాన్ని చదివే ఎంఎస్‌టీ రాడారుంది. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, నాట్లు వేసినట్టు 1,024 యాంటెన్నాలు, పైకి చూస్తూ గాలి ఏ ఎత్తులో ఎలా కదులుతోందో రాసుకుంటూ ఉంటాయి. 'తటస్థం' అనే గడి వాటికి లేదు. ఈ ఒక్క విషయంలో నాకు వ్యంగ్యం తోచడం లేదు, మన్నించాలి.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారాయి. రాయలచెరువు కట్ట ఆగుతుందో లేదోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మేనల్లుడు మోకాటిలోతు నీళ్లలో నిలబడి, సంతోషం పట్టలేక గైడుగారికి ఫోన్ చేశాడు. "సార్, మన అంశం వీధిలోకే వచ్చేసింది!" ఆయన పెద్దమనిషి, తొణకలేదు. "నీ అధ్యయన కాలం 2010 నుంచి 2020. వరద పరిధిలోకి రాదు. ముట్టుకున్నావంటే సినాప్సిస్ మార్చాలి."

ఇక పోలిక సంగతి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకూడదు. ఈ నిబంధనను తు.చ. తప్పకుండా పాటిస్తున్నది వాన ఒక్కటే. పోయినేటి వానకూ ఈ ఏటి వానకూ పోలికే ఉండటం లేదు.

అన్నిటికన్నా తిరుపతికి దక్కిన వరం వైవా, అదే చివరి మౌఖిక పరీక్ష. వేరే ఊళ్లలో బయటి పరీక్షకుణ్ణి రప్పించడానికి నెలలు పడుతుందట. ఇక్కడ ఆ బెడద లేదు. ఉత్తరం అందకముందే ఆయన ఆధార్ నంబరు పంపిస్తాడు, సతీమణిదీ అత్తగారిదీ కలిపి. అప్పుడు మొదలవుతుంది అసలు క్షేత్ర పరిశోధన. బ్రేక్ దర్శనానికి సిఫారసు లేఖ సంపాదించడానికి మా వాడు తిరిగినంతగా 120 మంది రైతుల దగ్గరికి కూడా తిరగలేదు. ఆయన రేణిగుంటలో విమానం దిగాడు. ఆ ప్రయాణం గాలిలోకి ఎంత వదిలిందో, మన 12 కిలోలు అందులో ఎన్నో వంతో నేను లెక్క వేయలేదు. అతిథి తిండి లెక్కపెట్టడం మన ఇళ్లలో లేదు.

వైవా గదిలో ఏసీ 18 మీద ఉంది. భూమి వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపడానికి ప్రయత్నించాలన్న పారిస్ ఒప్పందం స్లైడు వచ్చేసరికి పరీక్షకుడి అత్తగారు శాలువా కప్పుకున్నారు. ప్రశ్నలు రెండే. పేజీ నంబర్లు కింద ఎందుకు వేశారు? కొండకు కారు ఎన్నింటికి?

"అభినందనలు డాక్టర్" అంటూ చప్పట్లు మోగుతుండగా మేనల్లుడి ఫోన్ మోగింది. పాకాల పెద్దాయన. స్పీకరు ఎట్లా పడిందో గాని గదంతా వినబడింది.

"నాయనా, ఆ పొద్దు వచ్చి అన్నీ రాసుకోని పోతివే, దుడ్లేమన్నా పడతాయా?"

ఏ గడిలో టిక్కు పెట్టాలో తోచక, మా డాక్టరు ఫోన్‌ను సైలెంటులో పెట్టాడు.