జవాన్ మీద కేసైతే ఓటు ఒక్కరికేనా?

మా నాన్న 24 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యారు. యూనిట్లో ఒక కుర్రాడికి ఎస్‌సీఎం, అంటే సమ్మరీ కోర్ట్ మార్షల్ (యూనిట్లోనే త్వరగా ముగించే సైనిక విచారణ), జరిగిన రోజు గురించి ఎప్పుడు చెప్పినా ఒకటే మాట: "పొద్దున లోపలికెళ్లాడు, భోజనాల వేళకి ఉద్యోగం లేదు."

ఆఫీసర్లని విచారించే జనరల్ కోర్ట్ మార్షల్ చూడండి. కనీసం అయిదుగురు ఆఫీసర్లు కూర్చోవాలి, ఒక్కొక్కరూ నోటితో అభిప్రాయం చెప్పాలి, అదీ అందరికంటే చిన్న ర్యాంకు వాళ్లతో మొదలుపెట్టి. కర్నల్ "దోషి" అనేశాక కెప్టెన్ నోట "కాదు" అన్న మాట రావడం ఎంత కష్టమో ఫౌజీ ఇళ్లల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఓట్లు సమానమైతే నిందితుడికే లాభం. మరణశిక్షకి మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఎవరు ఎటు ఓటేశారో బయటపెట్టబోమని ప్రమాణం చేస్తారు, చట్టం చెప్పడానికి జడ్జ్ అడ్వకేట్ ఉంటారు. ర్యాంకు మనిషి నోరు ఎలా నొక్కుతుందో తెలిసినవాళ్లు రాసిన రూల్స్ ఇవి, వీటి మీద నాకు నిజంగా గౌరవం ఉంది.

మరి ఎస్‌సీఎంలో? కోర్టు అంటే సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, ఒక్కరే. ఇంకో ఇద్దరు, ఆఫీసర్లో జేసీఓలో (జవాన్లకి పైన, ఆఫీసర్లకి కింద ఉండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), పక్కన కూర్చుంటారు గానీ వాళ్లకి ఓటు లేదు. ఆ ఒక్కరే ఏడాది దాకా జైలు వేయొచ్చు, డిస్మిస్ చేయొచ్చు, డిస్మిస్ అయితే మామూలుగా పెన్షన్ కూడా పోయినట్టే. పైగా ఈ కోర్టులో ఆఫీసర్ని గానీ జేసీఓని గానీ విచారించడానికి వీల్లేదు, ఇది కింది ర్యాంకుల వాళ్లకే.

రంజిత్ ఠాకూర్ కేసు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ సిగ్నల్‌మన్ (ఆర్మీ సిగ్నల్స్ విభాగం జవాన్) తన సీఓ మీద పైవాళ్లకి నేరుగా ఫిర్యాదు పంపాడని 28 రోజుల శిక్ష వేశారు. ఆ శిక్షలో ఉండగా అన్నం తినమన్న ఆర్డర్ వినలేదని ఎస్‌సీఎం పెట్టి ఏడాది జైలు, డిస్మిసల్. విచారణలో కూర్చున్నది ఎవరు? అతను ఫిర్యాదు చేసిన ఆఫీసరే! 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది.

ఎస్‌సీఎం అనేది అత్యవసరమైతేనే వాడాలి, రివాజు కాకూడదని 2016లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. యుద్ధంలో, సరిహద్దు పోస్టుల్లో క్రమశిక్షణ ఆలస్యం కాకూడదంటారు, ఒప్పుకుంటాను. కానీ ప్రశాంతమైన కంటోన్మెంట్లో అంత తొందరేంటి? అప్పీలుకి 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది కదా అంటారు. ఉద్యోగం పోయి ఊరికొచ్చి, నలుగురికీ మొహం చూపించలేక తిరిగే మనిషి లాయర్ ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?

నేను అడిగేది చిన్నదే. జైలు, డిస్మిసల్ దాకా వెళ్లే కేసుల్లో పక్కన కూర్చునే ఆ ఇద్దరికీ ప్రమాణం చేయించి ఓటు ఇవ్వండి. ముందు జేసీఓ చెప్పాలి, సీఓ చివర చెప్పాలి.