ఆరు నెలలు ఎవరికి?
విడాకులు ఆరు నెలల్లో వచ్చేస్తాయని ఒక వ్యాసంలో రాశారు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆ మాట. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద కనీసం ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి, ఆపైన ఆరు నెలలు ఆగాలి. తగిన కారణం ఉంటే ఆ ఆరు నెలలు కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది.

ఒకరు కాదంటే మాత్రం కథ వేరు. మా అక్క కేసులో నోటీసు అందడానికే నాలుగు నెలలు పట్టింది. తలుపు తాళం వేసి ఉందని కవరు రెండుసార్లు తిరిగొచ్చింది. ఆ తర్వాత అవతలి పక్షం రాతపూర్వక జవాబు, అంటే కౌంటర్‌కి వాయిదా, కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర భరణానికి వాయిదా, సాక్షిని ఎదురు ప్రశ్నలడిగే క్రాస్ ఎగ్జామినేషన్ రోజున అవతలి లాయరు రాలేదని ఇంకోటి. పిల్లాడి కస్టడీ, నగల లెక్క ముందే తేల్చుకుని ఉంటే సగం టైమ్ మిగిలేది. ఇప్పుడు అక్క డైరీ నిండా వాయిదా తేదీలే.