వర్సాయ్‌లోని ఎర్ర గౌను గారికి

మహాలక్ష్మీ సమానురాలైన ఎర్ర గౌను గారికి నమస్కరించి వ్రాయునది.

పేరు చూసి మోసపోయానండీ. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కూతురు ఆన్రియెట్ వయోల్ అనే తీగల వాయిద్యం వాయిస్తున్న చిత్రం, గీసింది నాతియే అనే చిత్రకారుడు, 1754 అన్నారు. ఫోన్‌లో తెరిచి చూద్దును కదా, దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు బొమ్మలో ఎటు చూసినా మీరే, మీ జరీయే.

చిన్న అనుమానం. ఆ వాయిద్యం పూర్తి పేరు వయోలా ద గాంబా. గాంబా అంటే ఇటాలియన్‌లో కాలు. నేలకు ఆనించకుండా మోకాళ్ల మధ్య ఇరికించుకుని వాయించాలి. మరి ఆ మోకాళ్లేవి తల్లీ? వేళ్లతో లాగి లాగి బొమ్మంతా వెతికాను. ఎంత లాగినా మడతలే.

కమాను మాత్రం దొరికింది. వయొలిన్ వాళ్లలా పైనుంచి కాదు, అరచెయ్యి పైకి తిప్పి కింద నుంచి పట్టుకుంది. వయోల్ పద్ధతి అదే. పిల్లకు వాయించడం నిజంగా వచ్చు మరి! గురువు ఫోర్కరే 1747లో అచ్చు వేసిన వయోల్ రచనల్ని ఆమెకే అంకితమిచ్చాడు. మామూలు వాళ్లకు వేళ్లు తిరగని రచనలవి. రాజుగారి కూతురు కాబట్టి ఇచ్చాడంటారా? అదీ ఉంటుంది లెండి.

అసలు సంగతికి వస్తాను. ఆన్రియెట్ 1752 ఫిబ్రవరిలోనే పోయింది, ఇరవై నాలుగేళ్లకే. బొమ్మ పూర్తయింది రెండేళ్ల తర్వాత. మరి నాతియే ఎదుట కుర్చీలో కూర్చున్నదెవరు? నాకైతే మీ మీదే అనుమానం.

తప్పు పట్టడం లేదు. మా తాతగారు జన్మలో కోటు తొడగలేదు. పోయాక స్టూడియో అతను పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి తల కత్తిరించి, నల్ల కోటు మీద అతికించి, ఫ్రేము కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లు ఇప్పటికీ “మీ తాతగారు ప్లీడరా?” అని అడుగుతారు. నలభై ఏళ్లు ఆయన చేతిలో ఉన్న ములుగర్ర ఆ ఫోటోలో లేదు. ఆన్రియెట్ నయం, కమానైనా మిగిలింది.

కాబట్టి విన్నపం ఒక్కటే. ఎవరూ లేనప్పుడు, రాత్రి తలుపులు వేశాక, కాస్త పక్కకు జరగండి. ఆ అమ్మాయిని వాయించుకోనివ్వండి.

ఇట్లు,
కోటు తాతగారి మనవడు