మోటెల్ బాత్‌టబ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బాత్‌టబ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, ఉభయుల్లో మీరొక్కరే కుశలం. అరిజోనా రాష్ట్రం, పేజ్ అనే ఊళ్ళో, మీరు కొలువున్న మేడమీది గదిలోంచే రాస్తున్నాను. మా అమ్మ మోకాలికి ఐస్ పెట్టుకుని మంచం మీద కూర్చుంది. కార్పెట్ ఇంకా ఆరలేదు. దాని సంగతికి తర్వాత వస్తాను.

టబ్ లేని గది కావాలని నేను ముందే అడిగానండీ. యాప్‌లో రాసి ఊరుకోలేదు, ఫోన్ చేసి మరీ అడిగాను. నేల మట్టానికి షవర్ ఉండాలి, గది కింద ఉండాలి, అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి అని విడమరిచి చెప్పాను. అవతలి గొంతు ఎంతో ఆప్యాయంగా "నోట్ పెట్టాను, ఏం ఫరవాలేదు" అంది. రాత్రి తొమ్మిదింటికి దిగితే కౌంటర్లో కుర్రాడు స్క్రీన్ చూసి, "అవును, నోట్ ఉంది" అన్నాడు. నోటే ఉంది, గది లేదు. అది రిక్వెస్టే తప్ప గ్యారంటీ కాదట. లిఫ్టు లేదు, మెట్లున్నాయి. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టుకీ ఆగి ఆగి ఎక్కింది. తలుపు తీసి బాత్రూం లైటు వేస్తే తెల్లగా, చల్లగా మీరు దర్శనమిచ్చారు.

ఈ ప్రయాణంలో బస వెతకడం మొదటినుంచీ ఇంతే లెండి. గ్రాండ్ కేన్యన్ పార్కు లోపలి లాడ్జిలకి పదమూడు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. మా అమ్మ వీసా స్టాంపు పడిందే మొన్న. పార్కు గేటు బయటున్న టుసాయన్‌లో రేటు చూసి అమ్మ "ఆ డబ్బుతో తెనాలిలో నెలరోజులు గడుస్తాయే" అంది. విలియమ్స్ ఊరు పార్కుకి అరవై మైళ్ళు, ఫ్లాగ్‌స్టాఫ్ ఎనభై. హోల్‌బ్రూక్‌లో 1950 నాటి కాంక్రీటు గుడారాల మోటెల్ చూపిస్తే "ఈ వయసులో నన్ను గుడారంలో పడుకోబెడతావా" అంది. మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర నవాజో ఆదివాసుల గడియారం వేసవిలో గంట ముందుంటుంది, పేజ్‌కొస్తే మళ్ళీ గంట వెనక్కి, చెక్ ఇన్ ఎప్పుడో ఫోనుకే తెలియలేదు. ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అంటే మా అమ్మ తినగలిగింది ఒక అరటిపండు. ఇవన్నీ మింగేశాను. మిమ్మల్ని మాత్రం మింగలేకపోతున్నాను.

ఎందుకంటే మా అమ్మ స్నానం చేయకుండా కాఫీ కూడా ముట్టదు. తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుంటే గానీ ఆవిడకి రోజు మొదలవదు. గది ఎలా ఉన్నా సర్దుకుంటుంది. పరుపు కుంగినా, ఏసీ బస్సింజన్ చప్పుడు చేసినా నోరెత్తదు. ఆవిడకి బస అంటే స్నానాల గది. మిగతాదంతా దానికి ఆనుకుని ఉన్న వరండా.

ఆ సంగతి తెలిసే నేను యాప్‌లో వెతికాను. దాంట్లో కుక్కకి చోటుందా, కారుకి ఛార్జింగ్ ఉందా, ఈతకొలను వేడిగా ఉంటుందా, అన్నిటికీ గళ్ళున్నాయి. బాత్‌టబ్‌కీ ఉంది. కానీ అది మీరున్న గదుల్ని చూపించడానికి. మీరు లేని గదులు చూపించమంటే కుదరదు. మీరు సౌకర్యాల జాబితాలో ఉన్నారండీ, వైఫై పక్కన! ఫోటోల్లో బాత్రూం చూద్దామంటే వాష్‌బేసిన్ ఉంటుంది, మడత పెట్టిన తువ్వాళ్ళుంటాయి, అద్దంలో లైటుంటుంది. మీరు మాత్రం తెర చాటున ఉంటారు.

చట్టం తెలియక మాట్లాడుతున్నానని అనుకోకండి, అది కూడా చదివాను. ఇక్కడి వికలాంగుల హక్కుల చట్టం కింద 2010లో పెట్టిన ప్రమాణాల ప్రకారం, యాభై గదులు దాటి కొత్తగా కట్టిన హోటల్లో చక్రాల కుర్చీతో నేరుగా వెళ్ళగలిగే షవర్ ఉన్న గది కనీసం ఒకటుండాలి. యాభై లోపైతే అక్కర్లేదు. ఈ ఎడారి దారుల్లో చిన్న ఊళ్ళలో ఆ యాభై లోపు మోటెళ్ళూ ఉంటాయి. వాటిలో 'యాక్సెసిబుల్' గది తీసుకున్నా, అందులో కూడా మీరే ఉండొచ్చు, పక్కన రెండు కడ్డీలు బిగించుకుని. అయినా ఆ గదులు తీసుకోవాలంటే నాకు మనసొప్పలేదు. చక్రాల కుర్చీ మనిషి ఎవరైనా వస్తే? మా అమ్మ నడవగలదు, అంగడికి వెళ్ళగలదు, గ్రాండ్ కేన్యన్ అంచున మైలు దూరం నాకంటే ముందు నడిచింది. ఆవిడ చేయలేనిదల్లా ఒకటే. అడుగున్నర గోడ దాటి, జారే గిన్నెలోకి ఒంటికాలి మీద దిగడం. చాలామంది అమ్మలూ నాన్నలూ అంతే. నడవగలరు, దూకలేరు. వాళ్ళకి నేను చూసిన యాప్‌లో గడి లేదు.

ఇక పొద్దున జరిగింది వినండి.

అమ్మ నైటీతో వచ్చి మీ ఎదుట నిలబడింది. "దీన్లోకి ఎక్కాలా?" అంది. "ఎక్కి దిగాలమ్మా" అన్నాను. ఎడమ మోకాలు మంచిదో కుడి మోకాలు మంచిదో ఆవిడ ఒక నిమిషం ఆలోచించింది. కుడి చేత్తో తువ్వాలు కడ్డీ పట్టుకుంటే అది గోడలోంచి కదిలొచ్చింది. ఎడమ మోచెయ్యి నేను పట్టుకున్నాను. కుడికాలు లోపల పెట్టింది. పాదం సర్రున అంగుళం జారింది. అంతే, ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. నా భుజం మీద గోళ్ళు దిగాయి. కాలు బయటికి తీసుకుని, కమోడ్ మూత మీద కూర్చుని, "బకెట్టూ చెంబూ లేవుటే" అంది. అప్పుడు మోకాలు కలుక్కుమన్నది ఇంకా తగ్గలేదు.

చెంబు లేదు. ఐస్ బకెట్ ఉంది. అమెరికాలో తిరిగే మనవాళ్ళందరికీ తెలిసిన పరమ రహస్యమే అది, మోటెల్ ఐస్ బకెట్ ఐసు కోసం కాదు. మీ కుళాయి కింద దాన్ని పట్టి అమ్మ చేతికిచ్చాను. గది నేల మీద, మీ గోడకి ఇవతల నిలబడి, తెనాలిలో పెరట్లో పోసుకున్నట్టే ధారగా పోసుకుంది. నేను వద్దనేలోపు మూడు బకెట్లు అయిపోయాయి.

నేలకి తూము లేదండీ. బాత్రూం అని పేరు పెట్టుకున్న గదికి నీళ్ళు పోయే దారే లేదు! మీ ఒక్కరి కడుపులో తప్ప ఈ గదిలో ఎక్కడా చుక్క నీరు పడకూడదన్నట్టు కట్టారు. నీళ్ళు తలుపు కిందనుంచి బయటికొచ్చి, కార్పెట్‌లోకి ఇంకి, మంచం కాలి దాకా పోయాయి. ఉన్న తువ్వాళ్ళన్నీ పరిచాను. ఇంకొన్ని కావాలని కిందికెళ్తే రాత్రి కుర్రాడే ఉన్నాడు. వచ్చి చూశాడు. కార్పెట్ పాడైతే క్లీనింగ్ ఫీజు కార్డు మీద పడుతుందని చాలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ మాట అర్థం కాకపోయినా ధోరణి అర్థమై, అమ్మ తడి జుట్టుతో ఓ మూల నిలబడి "నేనే పాడుచేశానుటే?" అని అడిగింది.

ఒరేయ్ టబ్బూ! అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తన స్నానానికి తాను క్షమాపణ చెప్పుకునే పరిస్థితి తెచ్చావే, అసలు నువ్వెవరి కోసం పుట్టావురా? అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. దీంట్లో పడుకునేదెవరు? చంటిపిల్లలకి పెద్ద, పెద్దవాళ్ళకి చిన్న. రోజంతా కారు నడిపి అర్ధరాత్రి దిగి, పొద్దున్నే పరిగెత్తే మనిషి మోటెల్లో నిన్ను నింపుకుని జలకాలాడతాడా? అందరూ నీలో నిలబడి షవర్ చేసి పోయేవాళ్ళే. నీ గోడ వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. దాటాలి, అంతే. పైగా ఆ తెర ఒకటి, వేడినీళ్ళు తిప్పగానే వచ్చి ఒంటికి అతుక్కుంటుంది, దయ్యం ముండ.

పోనీ నీళ్ళున్న చోటా అంటే అదీ కాదు. నిండితే డెబ్భై గాలన్ల దాకా తాగుతావని, అయిదు నిమిషాల షవర్‌కి పది నుంచి పాతిక చాలని ఇక్కడి పర్యావరణ సంస్థే చెబుతుంది. మీ ఊరు పుట్టిందే 1957లో, గ్లెన్ కేన్యన్ డ్యామ్ కట్టేవాళ్ళ కోసం. నిన్న సాయంత్రం ఆ డ్యామ్ వెనకున్న లేక్ పావెల్ చూశాం. 1980లో మొదటిసారి నిండిందట. ఇప్పుడు ఎర్రటి కొండల మీద, నీళ్ళు దిగిపోయిన మేర తెల్లటి పట్టీ. దాన్ని ఇక్కడివాళ్ళు బాత్‌టబ్ రింగ్ అంటారు. చెరువుకి కూడా నీ మురికి చారే అంటించారు.

మా నాన్నగారు ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్లో గుమస్తాగా రిటైరయ్యారు. అందుకని అమ్మ ఏ డ్యామ్ చూసినా ఎన్ని టీఎంసీలని అడుగుతుంది. 1922లో ఏడు రాష్ట్రాలు రాసుకున్న ఒప్పందంలో కొలరాడో నదికి ఎగువా దిగువా కలిపి కోటిన్నర ఎకరం అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీళ్ళు ఒక ఎకరం అడుగు) పంచారు. ఫోన్లో లెక్క కడితే 653 టీఎంసీలు తేలింది. అమ్మ నమ్మలేదు. "బచావత్ విడిపోకముందు మన ఒక్క రాష్ట్రానికే కృష్ణలో 800 ఇచ్చాడు. అదీ చాలక కొట్టుకుచస్తున్నాం. ఏడు రాష్ట్రాలకి ఇంతేనా?" అంది. అదైనా నదిలో ఉంటేగా! బాగా వానలు పడిన ఏళ్ళు చూసి వేసిన లెక్క అది. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచుకి, అంటే సౌత్ రిమ్‌కి, నీళ్ళిచ్చే ఒక్క పైపు పగిలితే 2024 ఆగస్టు చివర్లో అక్కడి హోటళ్ళలో రాత్రి బసే ఆపేశారు. మీ ఊరి పొలిమేర దాటితే నవాజో నేషన్, అక్కడ మూడిళ్ళలో దాదాపు ఒక ఇంటికి కొళాయే లేదు. పికప్ ట్రక్కుల్లో డ్రమ్ములు పెట్టుకుని మైళ్ళ దూరం నుంచి తెచ్చుకుంటారు. ఇలాంటి చోట గదికొకటి చొప్పున నువ్వు! మూడు ఐస్ బకెట్లతో స్నానం ముగించిన మా అమ్మకి మాత్రం ఫీజు!

ఇంత తిట్టాక ఒక సంగతి దాచడం ధర్మం కాదు. మధ్యాహ్నం, నది గుర్రపునాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూడ్డానికి వెళ్ళాం. మోకాలు నొప్పని కారులోనే ఉండమంటే వినలేదు. దారి చదునుగానే ఉంది, ఎండే మాడ్చేసింది. తిరిగొచ్చాక అమ్మ నన్ను కేకేసింది. వెళ్ళి చూస్తే నీ గోడ మీద తువ్వాలు మడిచి వేసుకుని, బయటి వైపు కూర్చుని, మెల్లగా తిరిగి కాళ్ళు రెండూ లోపల పెట్టి ఉంది. జానెడు వేడినీళ్ళు, అందులో ఇంటినుంచి తెచ్చుకున్న రాళ్ళుప్పు. పాదాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కళ్ళు మూసుకుని "అబ్బా, ప్రాణం లేచొచ్చిందే" అంది. తర్వాత ఆ నీళ్ళలోనే సాక్సులు కూడా ఉతికేసింది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట. నాకు ఒళ్ళు మండింది. పొద్దున ఏ గోడైతే దాటలేకపోయిందో, సాయంత్రానికి అదే పీట అయింది.

రేపు లాస్ వేగాస్. అక్కడి హోటళ్ళు గది అద్దె మీద విడిగా గుంజే రిసార్ట్ ఫీజుని ముందే ధరలో కలిపి చూపించాలని 2025 మే నుంచి రూలొచ్చింది కాబట్టి, ఇప్పుడు బాధ కౌంటర్ దగ్గర కాకుండా ఫోన్లోనే మొదలవుతుంది. టబ్ లేని గది ఒకటి దొరికింది, ఫోటోలో షవర్ నేల మట్టానికి స్పష్టంగా కనిపిస్తోంది. బుక్ నొక్కబోతుంటే అమ్మ భుజం మీంచి తొంగిచూసి, "తొట్టి లేదుటే? కాళ్ళు నానబెట్టుకోవాలిగా" అంది.

తొట్టీ షవరూ వేర్వేరుగా ఉన్న గదికి నలభై డాలర్లు ఎక్కువ. కట్టాను. నీ మీద ఖర్చు పెట్టిన మొదటి రూపాయి ఇదే, గుర్తుంచుకో. కార్పెట్ ఫీజు వేస్తే అది రెండోది.

ఇట్లు,
మేడమీది గదిలో తడి కార్పెట్ మీద నిలబడ్డ
ఒక తెనాలి కూతురు