ఉగ్గాని కంటే ముందు ఉపోద్ఘాతం

ఇంట్లో తీసే తొలి వీడియో గురించి కర్నూలు వాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ల పాటు, గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టి మరీ, రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని నడిపిన ఊరిది. పదవులు ఎలా పంచాలో, పని మొదలు కాకముందే ప్రారంభోత్సవం ఎలా జరపాలో మనకు వేరే నేర్పాలా? మన ఊరి సి.క్యాంపులో ఒక ఇంటివారు బొరుగులతో, అంటే మరమరాలతో, చేసే ఉగ్గాని మీద ఈమధ్య తీసిన వీడియోను ఔత్సాహికులంతా ఆదర్శంగా తీసుకోవాలని నా మనవి.

మొదట పేరు. ఏం వండాలో తేలకపోయినా ఫరవాలేదు, ఛానెల్ పేరు మాత్రం తేలాలి. ఇంటి పెద్దాయన సర్కారు కొలువు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి కాబట్టి చర్చ పద్ధతి ప్రకారం సాగింది. సీమ రుచులు అందామంటే అలాంటి పేర్లు ఇప్పటికే కోకొల్లలు. అవ్వ వంటలు అందామంటే అవ్వే ఒప్పుకోలేదు. "నాకింకా అంత వయసు రాలేదు" అని తేల్చేసింది. పేరు వాయిదా పడి, గుర్తు మాత్రం ఖరారైంది: కొండారెడ్డి బురుజు. బురుజుకూ బొరుగులకూ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. అలా అడిగేవాళ్లను అసలు సమావేశానికి పిలవరు.

వీడియో మొదట్లో ఆ బురుజు బొమ్మ గిరగిరా తిరిగి, ఉరుము ఉరిమి, మెరుపు మెరిసి నిలబడటానికి ఇరవై సెకన్లు పడుతుంది. యూట్యూబ్‌లోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో నిడివి 19 సెకన్లు. 2005 ఏప్రిల్ 23న, ఆ సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఒకరైన జావేద్ కరీం శాన్ డియాగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వీటి తొండాలు బాగా పొడవని చెప్పి, అంతే, ముగించేశాడు. వందనాలు లేవు, గంట నొక్కమన్న విన్నపం లేదు. ఇంత మర్యాద తెలియని ఆరంభంతో ఆ సంస్థ ఎలా పైకి వచ్చిందో ఆశ్చర్యంగా ఉంటుంది. ఏమైనా, మనవాళ్లు బురుజు దగ్గరే దాన్ని ఒక సెకను తేడాతో దాటేశారు.

ఆదాయ వ్యయాల పట్టిక కూడా ముందే సిద్ధమైంది. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే యూట్యూబ్ వారి లెక్క ప్రకారం వెయ్యిమంది చందాదారులు ఉండాలి, పన్నెండు నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి. అంటే 2,40,000 నిమిషాలు. పెద్దాయన దాన్ని చుట్టాల సంఖ్యతో భాగించారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చిన అంకె చూసి, పెళ్లిపత్రికల డైరీ తీసి దూరపు చుట్టాలను కూడా కలిపారు. వీడియో పొడవు ఎంత పెరిగితే గంటలు అంత త్వరగా పూర్తవుతాయన్నది ఆయన సిద్ధాంతం. చూసేవాడు మధ్యలో లేచిపోవచ్చన్న అనుమానం ఆ పట్టికలో ఏ గడిలోనూ పట్టలేదు.

ఇక చిత్రీకరణ. మన ఊళ్లో ఏ లోటు ఉన్నా వెలుతురుకు లోటు లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటించే సూర్యుడు కిటికీ బయట కాణీ ఖర్చు లేకుండా నిలబడి ఉన్నాడు. అవ్వను కిటికీ పక్కగా నిలబెడితే ముఖం మీదా మూకుడు మీదా చక్కటి వెలుగు పడేది. కానీ కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్లు వీడియోను విడుదలకు ముందే చూసేస్తారు. కనుక తలుపులు బిగించి పాత చోకు ట్యూబ్‌లైటు వేశారు. ఫోను తెరమీద నల్లటి చారలు పాకడం మొదలైంది.

ఆ ఇంట్లో పదో తరగతి చదివే మనవరాలు ఒకతి ఉంది. అడగని సలహాలు ఇవ్వడం ఆ పిల్ల దురలవాటు. "తాతా, మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఈ లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఫోను షటర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మారిస్తే చారలు పోతాయి. లేదంటే కిటికీ తెరువు" అంది.

"చారలుంటే జరీ అంచులాగా ఉంది, ఉండనీ" అన్నారు తాత.

ఫ్యాను సంగతి అంతకంటే క్లిష్టం. తిప్పితే గరగర, ఆపితే చెమట. ఫోను ఆరడుగుల దూరంలో స్టూలు మీద ఉంది. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే చేరే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని మనవరాలు భౌతికశాస్త్రం చదివింది. ఇంకో ఫోనును అవ్వకు దగ్గరగా, అలమారలో ఉప్పుడబ్బా పక్కన పెట్టి మాటలు విడిగా రికార్డు చేద్దామని, మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు ఆధారంగా బొమ్మనూ మాటనూ తర్వాత కలపవచ్చని చెప్పింది. చప్పట్ల ప్రతిపాదన ఒక్కటీ ఏకగ్రీవంగా నెగ్గింది. ఇంటిల్లిపాదీ నిలబడి కొట్టారు. రెండో ఫోను పెట్టడం మరిచారు.

ఫోనును అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా అన్న వివాదం కూడా తలెత్తింది. అడ్డం వీడియో టీవీకి నప్పుతుంది, నిలువుది చేతిలోని ఫోనుకు నప్పుతుంది, ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి. పెద్దాయన ఎవరి మనసూ నొప్పించకుండా సగం అడ్డంగా, సగం నిలువుగా తీయించారు. మనవాళ్లలో ఇంతటి రాజనీతి ఉండగా రాజధాని ఎలా చేజారిందో!

నాణ్యతలో రాజీ పడకూడదని ఫోనును 4కే లో పెట్టారు. అందులో ఒక్కో ఫ్రేముకు 3840 అడ్డం, 2160 నిలువు చుక్కలు. మామూలు 1080 రకానికి సరిగ్గా నాలుగింతలు. ఆ నాలుగింతల స్పష్టతతో పెద్దాయన నమస్కారం రికార్డయింది. జిల్లావాసులకు, దేశవాసులకు, అమెరికాలో ఉన్న మేనల్లుడికి, కువైట్‌లో ఉన్న బావమరిది కొడుక్కి పేరుపేరునా. తర్వాత తుంగభద్ర మహిమ, కర్నూలు ఉల్లి ఖ్యాతి, ఛానెల్‌కు చందాదారులుగా చేరాల్సిన ఆవశ్యకత. ఉల్లి ప్రస్తావన వచ్చే సమయానికి అవ్వ తరిగిన ఉల్లిపాయలు మూకుడులో మాడుతున్నాయి.

ఉగ్గాని తిన్నవాళ్లకు తెలుసు, అందులో పోపు ఎవరైనా పెట్టగలరు, పప్పుల పొడి ఎవరైనా చల్లగలరు. కిటుకంతా బొరుగుల దగ్గర ఉంది. నీళ్లలో వేసి, మునివేళ్లతో అదిమి, మెత్తబడీ పడకముందే రెండు అరచేతుల మధ్యకు తీసుకుని పిండాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్ద, ఒక్క క్షణం తొందరపడితే కరకర. ఎన్నో ఏళ్ల చేతివాటం అది. రాసి చెబితే రాదు, చూపిస్తేనే వస్తుంది. నన్నడిగితే వీడియో అనేది ఇలాంటి వాటికోసమే పుట్టింది.

అవ్వ బొరుగులు నీళ్లలో వేసింది. ఫోనులో చోటు నిండిపోయిందని సందేశం వచ్చింది.

నమస్కారాన్ని చెరిపేసి చోటు చేద్దామన్న మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎవరి పేరని చెరుపుతారు? పాత పెళ్లి ఫోటోలు తీసేసి మళ్లీ రికార్డు మొదలుపెట్టేసరికి ఉగ్గాని పళ్లెంలో ఉంది, పక్కన మిరపకాయ బజ్జీలు కూడా వచ్చి కూర్చున్నాయి. మధ్యలో పోయిన భాగానికి బదులుగా బురుజును మరోసారి తిప్పి, "బొరుగులు సిద్ధం" అని అక్షరాలు వేశారు.

అదే సమయంలో మనవరాలు కిటికీ రెక్క ఒకటి కాస్త తెరిచి, తన ఫోనుతో అవ్వ చేతులను దగ్గరగా తీసిందట. పిండుతుంటే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారడం, అవ్వ "చాలు, ఇక తీసేయాలి" అనడం అందులో స్పష్టంగా ఉన్నాయని వినికిడి. సంఘం దాన్ని పరిశీలించి తిరస్కరించింది. కారణాలు: ముఖం లేదు, నమస్కారం లేదు, నిమిషమైనా లేదు.

వీడియో విడుదలైంది. ఎవరు ఎక్కడిదాకా చూశారో గీత గీసి చూపే సదుపాయం యూట్యూబ్‌లో ఉంది. బురుజు తిరుగుతుండగానే ఆ గీత నిట్టనిలువునా కిందికి దిగింది. జనం ఆరంభంలోనే సంతృప్తి చెంది వెళ్లారని పెద్దాయన భాష్యం. వ్యాఖ్యలన్నీ చుట్టాల దీవెనలే, ఒక్కటి తప్ప. అనంతపురం నుంచి ఎవరో అమ్మాయి రాసింది: "బొరుగులు నానబోశాను. ఎప్పుడు తీయాలండీ?"

పెద్దాయన గంటలోపే మర్యాదగా జవాబిచ్చారు. ఈ అంశం మీద రెండో భాగం వచ్చే ఆదివారం.