నోటిపూతకు చైనా కషాయం: రుజువు ఎంత?

నోరు పూయగానే మన ఇళ్లలో ‘వేడి చేసింది’ అంటాం. మజ్జిగ తాగమంటాం, పుండు మీద నెయ్యో తేనో రాస్తాం. చైనా వాళ్లదీ ఇదే లెక్క. ‘షాంగ్ హువో’ అంటారు, ఒంట్లో మంట పైకెక్కిందని. మందు మాత్రం వేరు. పుచ్చకాయకు గ్లాబర్ ఉప్పు కలిపి, మట్టికుండలో పెట్టి గాలి తగిలేచోట వేలాడదీస్తారు. కొన్నాళ్లకు కుండ బయట తెల్లగా పొడి పూస్తుంది. దాన్ని గీకి పుండు మీద చల్లుకుంటారు. పేరు ‘పుచ్చకాయ మంచు’. అందులో ఎక్కువగా ఉండేది ఆ ఉప్పే, అంటే సోడియం సల్ఫేటే.

‘వాడాం, తగ్గింది’ అనేవాళ్లకు కొదవ లేదు. చిక్కంతా అక్కడే. మామూలు నోటిపూత ఏ మందూ లేకుండానే 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని జలుబు మీద వేసే జోకు దీనికీ సరిపోతుంది.

కాస్త గట్టి పరీక్షకు దిగింది మరో మందు, ‘బాన్‌షియా షియెషిన్ టాంగ్’. శొంఠి, అతిమధురం, జిన్సెంగ్ సహా ఏడు దినుసులు. సుమారు 1,800 ఏళ్ల కిందట చైనా వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ దీన్ని రాసింది నోటికి కాదు, పొట్ట బాధకు. జపాన్ డాక్టర్లు ఈ పొడిని నీళ్లలో కలిపి, కీమోథెరపీతో ఒకసారి నోరు పూసిన రోగుల చేత తర్వాతి విడత కీమోలో పుక్కిలింపజేశారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తిది.

2015లో వెలువడిన పెద్దపేగు క్యాన్సర్ ట్రయల్‌లో 90 మంది ఉన్నారు. కాస్త తీవ్రమైన పూత మందు వాడినవాళ్లలో 48.8 శాతం మందికి, మిగతావాళ్లలో 57.4 శాతం మందికి వచ్చింది. ఇంత చిన్న గుంపులో ఆ తేడా లెక్కలోకి రాదు. కానీ పూత ఉన్న రోజులు 10.5 నుంచి 5.5కు తగ్గాయి. అంతకు ముందు ఏడాది కడుపు క్యాన్సర్ రోగుల్లోనూ 17కు బదులు 9 రోజులే కనిపించినా, గణాంకాల పరీక్షలో అది నిలవలేదు.

‘పని చేసింది’ అని హెడ్డింగ్ పెట్టేవాళ్లు ఆ 5.5 దగ్గరే ఆగిపోతారు. అసలు ప్రశ్న పూత రాకుండా ఆపుతుందా అన్నది. అందులో మందు తప్పింది. నా దృష్టిలో ఇది మరింత పెద్ద ట్రయల్ చేయదగ్గ ఆశ, అంతే. పైగా కీమో పుండు వేరు, పరీక్షల టెన్షన్‌లో వచ్చే పూత వేరు. ఒకదాని ఫలితం రెండోదానికి అంటగట్టలేం. మింగేట్టయితే ఇంకో సంగతి ఉంది: అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది.

మూడు వారాలు దాటినా మానని పుండుకు మాత్రం ఈ చర్చ వర్తించదు. ఖైనీ, గుట్కా నమిలేవాళ్లయినా, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లయినా ముందు డాక్టరుకు నోరు చూపించాలి.